బైండరమ్మ గాలం

ఆ ఊరి గ్రంథాలయంలో వెనక మెట్లు దిగి, సైకిళ్ళు పెట్టుకునే వసారా దాటితే చివరగా ఒక ఇనుప తలుపు వచ్చేది. తోస్తే జిగురు వాసన గుప్పుమనేది. గోడవారగా చిరిగిన పుస్తకాల దొంతరలు, మధ్యలో పొడవాటి బల్ల, మూలన కాగితాలు కోసే పెద్ద ఇనుప యంత్రం. ఆ గదిలో పనిచేసే ఆవిడను అందరూ బైండరమ్మ అనేవారు. అసలు పేరొకటి జీతాల పుస్తకంలో ఉండేది గానీ, దాంతో పిలిస్తే ఆవిడే పలికేది కాదు.

యాభై దాటిన మనిషి. పొట్టి. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్ళకు జవాబూ చెప్పలేదు. మాట తక్కువ, పని ఎక్కువ. ఎవరి జోలికీ పోదు. కానీ “నీవల్ల కాదు” అని ఎవరైనా అంటే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి పెద్ద బైండరు, కోత యంత్రం పిడి లాగడం ఆడవాళ్ళ వల్ల కాదన్నాడట. ఆవిడ ఒక చెక్కపెట్టె బోర్లించి, దానిమీదకెక్కి, ఒంటి బరువంతా వేసి పిడిని కిందికి లాగింది. ఆ తర్వాత ఆ యంత్రాన్ని ఇంకెవరూ ముట్టుకోలేదు. పెద్ద బైండరు రిటైరయ్యేదాకా చెక్కపెట్టె వంక చూడకుండా మొహం తిప్పుకునే నడిచాడు.

ఒక ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో ఆ గదికి ఒక ట్రంకుపెట్టె వచ్చింది. ఎవరో ఇంజనీరు పోతే, ఆయన కూతుళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలు గ్రంథాలయానికి ఇచ్చేశారు. అన్నీ గాలంతో చేపలు పట్టడం గురించినవే. సగం పుస్తకాలకు అట్టల్లేవు, సగానికి వెన్ను విరిగింది. గ్రంథాలయాధికారి వాటిలో బాగున్నవి ఏరి బైండు చెయ్యమన్నాడు.

బైండరమ్మ పాత కుట్లు విప్పి, ఎండిన జిగురు గీకి, కాగితాలను వరస పెట్టి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. జిగురు ఆరేలోపు చేతులు ఖాళీ. ఖాళీ చేతులతో కూర్చోవడం ఆవిడకు రాదు. ఒక పేజీ చదివింది. తర్వాత ఇంకో పేజీ. నీళ్ళ పక్కన గంటలకొద్దీ కూర్చుని, నీళ్ళ గురించే ఆలోచించి, ఆ ఆలోచించింది ఇంత శ్రద్ధగా రాసుకున్న మనుషులుంటారని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. రాసినవాళ్ళకు తనే పేర్లు పెట్టుకుంది. ప్రతి చేపకూ జబ్బు చూసినట్టు లక్షణాలు రాసినాయన డాక్టరుగారు. వాన, ఎండ, గాలి ఏదొచ్చినా గట్టు మీద నుంచి కదలనంటూ రాసినాయన ఓపికాయన. మిగతా రచయితలందరినీ పేజీకొకసారి తిట్టిపోసినాయన కొట్లాటాయన.

కొట్లాటాయనంటేనే ఆవిడకు ఎక్కువ ఇష్టం కలిగింది. ఆ ఇష్టం పుస్తకం సగం దాకా వచ్చేవరకే నిలిచింది. అక్కడ ఒక పేజీలో ఆయన ఆడవాళ్ళ సంగతి ఎత్తుకున్నాడు. ఈ విద్య వాళ్ళకు అబ్బదన్నాడు. ముడి వెయ్యడం చేతకాదు, కదలకుండా కూర్చోలేరు, వాళ్ళ నోటికి చేపలు అవతలి గట్టుకు పారిపోతాయి. తప్పదనుకుంటే తినుబండారాల బుట్ట మొయ్యడానికి వెంట తీసుకెళ్ళండి, బుట్ట అందుకున్నాక వెనక్కి పంపెయ్యండి అన్నాడు.

బైండరమ్మ ఆ పేజీని మళ్ళీ చదివింది. చేతిలో సూది, దారం ఉన్నాయి. అదే పుస్తకం వెన్ను మీద అప్పుడే వేసిన ముడి ఉంది. పుస్తకం పట్టుకుని నేరుగా పైకి, అధికారి గదిలోకి వెళ్ళింది.

“ఈయనెవరండీ నాకు చెప్పడానికి?”

అధికారి నెమ్మదైన మనిషి. కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “ఎప్పటి మనిషో అండీ. పోయి ఎన్నేళ్ళయిందో. వదిలెయ్యండి.”

“పోయినంత మాత్రాన ఆయనన్నది ఒప్పుకోవాలా?”

ఆ సాయంత్రం పని దిగగానే ఆవిడ బజారుకు పోయి గాలపు కర్ర, నైలాన్ దారం, నీళ్ళ మీద తేలే బెండు, సీసపు గుళ్ళు, కొక్కేలు కొనుక్కుంది. కొట్టువాడు ఎవరికోసమని అడిగాడు. “నా కోసమే,” అంది. వాడు బుడ్డ కొక్కేలు తీసి చూపించబోతే, “అవి కావు, పెద్దవి,” అంది.

ఆవిడ ఉండేది తమ్ముడి ఇంట్లో, మేడమీది గదిలో. కింద వీధివైపు తమ్ముడి టైర్ల కొట్టు. తమ్ముడు కష్టజీవి, మంచివాడే, కానీ నలుగురిలో మెప్పు కోసం ప్రాణం పెట్టేవాడు. ఏటి ఒడ్డున ఊరి పెద్దమనుషులు నడిపే గాలం క్లబ్బులో సభ్యత్వం కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు. వాళ్ళ పడవలకు ఊరికే రంగులు వేసిపెట్టేవాడు, వాళ్ళ బళ్ళకు పంక్చరొస్తే వరసలో ముందుంచి చేసిపెట్టేవాడు. వాళ్ళు భుజం తట్టి, “వచ్చే ఏడు చూద్దాం,” అనేవాళ్ళు.

బైండరమ్మ మేడమీద సాధన మొదలుపెట్టింది. అవతలి పిట్టగోడ దగ్గర ఒక తొట్టి పెట్టుకుని, అందులో సీసపు గుండు పడేలా దారం విసరడం. డాక్టరుగారు మణికట్టుతో విసరమన్నాడు, కొట్లాటాయన మోచేత్తో విసరమన్నాడు. ఆవిడ రెండూ కలిపి విసిరింది. గుండు తొట్టి మీదుగా, పిట్టగోడ మీదుగా పోయి, పక్కింటివాళ్ళు ఆరేసిన దుప్పటికి కొక్కెం తగులుకుంది. కంగారుగా లాగేసరికి దుప్పటి తాడు మీంచి ఊడి, గాల్లో విప్పారి, కింద కొట్టు ముందు నిలబడి టైరు మార్పించుకుంటున్న మనిషిని నిలువునా కప్పేసింది.

ఆ మనిషి గాలం క్లబ్బు అధ్యక్షుడు. పెద్ద మీసాలుండటంతో ఊళ్ళో మీసాలాయనంటారు.

దుప్పట్లోంచి తల బయటపెట్టి పైకి చూశాడు. “ఏం చేస్తున్నారమ్మా అక్కడ?”

“గాలం వెయ్యడం నేర్చుకుంటున్నానండీ, పుస్తకం చూసి.”

మీసాలాయన పకపకా నవ్వాడు. “చేపలు పుస్తకాలు చదవవమ్మా!”

“మంచిదేగా. నేనేం చెయ్యబోతున్నానో వాటికి ముందే తెలియదు.”

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం దగ్గర మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. “అక్కా, నీకిదేం పిచ్చే ఈ వయసులో? ఆయన నా గురించి ఏమనుకుంటాడు?”

“దుప్పటి పడింది ఆయన మీద. నీకేం తగిలిందిరా?”

తమ్ముడి భార్య, అంటే బైండరమ్మ మరదలు, నోట్లో నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ కోసం లేచిపోయింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో గొడవలకు దూరంగా ఉండటం నేర్చుకున్న మనిషి. కానీ ఒకరోజు బైండరమ్మ బొటనవేల్లో కొక్కెం దిగినప్పుడు తీసింది ఆమే. “వెనక్కి లాగకండి వదినా, ముల్లు కండ చీలుస్తుంది. ముందుకే తొయ్యాలి. పళ్ళు బిగపట్టుకోండి,” అని, రెండోవైపు బయటికి తెచ్చి, ముల్లు కత్తిరించి, గుచ్చుకున్న దారినే లాగేసింది. కట్టు కడుతూ, “మానేస్తారా?” అని అడిగింది.

“ఎందుకు మానేస్తాను? ఇప్పుడేగా కొక్కెం మంచి పదునని తెలిసింది.”

ఇక అసలు ఏటి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. మంచి గట్టంతా క్లబ్బుది. నీడనిచ్చే చెట్లు, మెట్లు, చెక్క బల్లలు, చుట్టూ ముళ్ళకంచె, సభ్యులకు మాత్రమేనని బోర్డు. కంచె అయిపోయాక రోడ్డు వంతెన. దాని కింద రాళ్ళ గట్టు. పైన బస్సు పోయినప్పుడల్లా స్తంభాలు గజగజలాడేవి, దుమ్ము రాలేది. అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు కాబట్టి ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. బైండరమ్మ మడత స్టూలు వేసుకుని అక్కడ కూర్చుంది.

సెలవు దొరికిన ప్రతిరోజూ కూర్చుంది. చేప కాదు కదా, చేప తోక కూడా చిక్కలేదు. క్లబ్బు పడవ అటుగా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కేకేసేవారు: “ఎన్నో పేజీలో ఉన్నారు బైండరమ్మా?” ఆవిడ ఉన్న పేజీ నంబరు చెప్పేది. మొదట్లో నవ్వేవాళ్ళు. రాన్రాను ఆ జవాబుకు వాళ్ళకే విసుగొచ్చి అడగడం మానేశారు.

నిజానికి లోలోపల ఆవిడకూ బెంగగానే ఉంది. పుస్తకాలు ఒకదానితో ఒకటి పొసగవు. డాక్టరుగారు మబ్బు పట్టిన రోజు మంచిదంటాడు, కొట్లాటాయన అది కాకమ్మ కబురంటాడు, ఓపికాయన ఏ రోజైనా మంచిదేనంటాడు. ముగ్గురూ రాసింది ఎక్కడో కొండల్లో చల్లటి నీళ్ళలో తిరిగే చేపల గురించి. ఈ మట్టినీళ్ళలో వాటి జాడే లేదు. ఒక సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చి, పుస్తకాలు మూడూ మంచం మీద పడేసి, “ముగ్గురూ అబద్ధాలకోరులే!” అని గట్టిగా అరిచింది. కింద టైరు కొడుతున్న తమ్ముడు సుత్తి ఆపి పైకి చూశాడు.

కోపం తగ్గాక మళ్ళీ తెరిచింది. ఈసారి వాళ్ళు ఎక్కడ కొట్టుకుంటున్నారో వదిలేసి, ఎక్కడ ఒప్పుకుంటున్నారో వెతికింది. దొరికింది కొంచెమే. దారం నీళ్ళలో వెయ్యకముందు నీళ్ళను చూడమన్నారు ముగ్గురూ. కొట్లాటాయన కూడా ఆ మాట దగ్గర ఎవర్నీ తిట్టలేదు.

అప్పటినుంచి కొన్నాళ్ళు ఆవిడ కర్ర ఇంట్లో వదిలి, వట్టి చేతులతో వెళ్ళి కూర్చుంది. క్లబ్బువాళ్ళు ఇక చేతులెత్తేసిందనుకున్నారు. ఆవిడ మాత్రం నీళ్ళు చదువుతోంది. వంతెన మధ్య స్తంభం దగ్గర ప్రవాహం స్తంభానికి కొట్టుకుని, పక్కకు తిరిగి, కొంచెం వెనక్కి నడుస్తోంది. ఆకులు, పుల్లలు అక్కడ గుండ్రంగా తిరిగి ఆగుతున్నాయి. పొద్దు వాలేవేళకు అక్కడే చిన్న చిన్న బుడగలు గుంపుగా లేచేవి, వాటి వెంట అడుగు నుంచి బురద పొగలా పైకి వచ్చేది. ఏదో అడుగున మూతితో మట్టి తవ్వుకుంటోంది. ఆ లక్షణం డాక్టరుగారి పుస్తకంలో వేరే చేప పేరు కింద ఉంది. చేప ఏదైతేనేం, మూతి మూతే కదా అనుకుంది.

ఎర సంగతి ఏ పుస్తకమూ తేల్చలేదు. ఒకాయన తేనె కలిపిన పిండి అన్నాడు, అది నీళ్ళలో పడగానే విడిపోయింది. అప్పుడు ఆవిడకు తన జిగురు గుర్తొచ్చింది. బైండింగు గదిలో మైదాపిండి ఉడికించి జిగురు కాస్తారు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. ఆవిడ ఇంటి పొయ్యి మీద మైలుతుత్తం లేకుండా, బదులు ఇంత పంచదార వేసి, గరిటె తిరగనంత గట్టిగా కాచింది. చల్లారాక రబ్బరులా సాగింది. కొక్కేనికి గుచ్చితే విదిలించినా ఊడలేదు.

మధ్య స్తంభం దగ్గర వేసిన బెండు నీళ్ళ మీద చాలాసేపు నిలబడింది. పైన బస్సు పోయింది, దుమ్ము రాలింది. బెండు ఒకసారి పక్కకు వాలి, లేచి, ఆలోచించినట్టు ఆగి, తర్వాత ఎవరో కాలు పట్టి లాగినట్టు లోపలికి పోయింది. బైండరమ్మ కర్ర ఎత్తింది. అవతల బరువు. ఆ బరువు ఆగి ఉన్నది కాదు, ఇష్టమొచ్చిన దిక్కుకు పోతున్న బరువు. కర్ర విల్లులా వంగింది. ఆవిడ స్టూలు వెనక్కి పడింది, చెప్పు ఒకటి నీళ్ళలోకి పోయింది. దారం ఇచ్చింది, లాగింది, మళ్ళీ ఇచ్చింది. పైన వంతెన మీద ఒక బస్సు ఆగిపోయింది, కిటికీల్లోంచి తలలు. చివరికి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులతో వాటేసుకుని గట్టు మీదికి తెచ్చింది. బంగారుతీగ చేప. రొమ్ముకు హత్తుకుంటే చంటిబిడ్డంత ఉంది. పెద్ద పెద్ద పొలుసులు సాయంత్రపు వెలుగులో ఇత్తడిలా మెరిశాయి. ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, దేనికీ తీరిక లేకపోయింది.

ఆ చేపను మరదలు వండింది. తమ్ముడు తిన్నాడు. ముల్లు ఏరి పక్కన పెడుతూ, “ఉప్పు కాస్త తగ్గింది,” అన్నాడు. ఆ ఇంట్లో దానికి దక్కిన మెప్పు అంతే.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. బస్సు కిటికీల్లోంచి చూసినవాళ్ళు ఊరంతా చెప్పారు. ఆ తర్వాతా ఆవిడకు అప్పుడప్పుడు చేప పడుతూనే ఉంది. క్లబ్బు పడవలు వంతెన దగ్గర ఆగడం మొదలైంది. కొన్నాళ్ళకు కంచెను వంతెన దాటేదాకా పొడిగించాలని క్లబ్బు తీర్మానించింది.

ఆ వార్త తెచ్చింది తమ్ముడే. కళ్ళు వెలిగిపోతున్నాయి. “అక్కా, ఈసారి నాకు సభ్యత్వం ఇస్తామన్నారు. మీసాలాయనే తన నోటితో చెప్పాడు.”

“సంతోషంరా. ఊరికేనా?”

తమ్ముడు నేల చూశాడు. “నువ్వక్కణ్ణుంచి గొడవ చెయ్యకుండా లేచిపోతే... నిన్ను కూడా ఆదివారాలు అతిథిగా రానిస్తారట. సభ్యురాలిగా కుదరదు, రూల్సు ఒప్పుకోవు. కానీ కూర్చోనిస్తారు.”

“నేనిప్పుడు కూర్చునే ఉన్నాగా.”

“అక్కా, నా కోసం. ఒక్కసారి నా మొహం చూడవే.”

ఆ మొహాన్ని బైండరమ్మ చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. చంకనెత్తుకు తిప్పిన తమ్ముడు. వాడికి ఆ క్లబ్బు ఎంతో ఆవిడకు తెలుసు. “నీ మొహం చూసే చెబుతున్నా. పడవలకు రంగులు వేసినన్నాళ్ళూ వాళ్ళు నీకు ఇవ్వలేదు. ఇప్పుడు అక్కను లేపితే ఇస్తారట. అట్లా వచ్చినదాన్ని ఎక్కడ పెట్టుకుంటావురా?”

తమ్ముడు తలుపు దడాలున వేసుకుని కిందికి పోయాడు. ఆ రాత్రి ఆవిడకూ అన్నం సయించలేదు.

కంచె వేసే రోజు సన్నగా వాన. మేస్త్రీ, కూలీలు ఇనుప స్తంభాలు దించారు. గుంట తవ్వాల్సిన చోట బైండరమ్మ స్టూలు వేసుకుని, దారం నీళ్ళలో వదిలి కూర్చుని ఉంది. మేస్త్రీ కాసేపు అటూ ఇటూ తిరిగి, బీడీ ముట్టించి, మీసాలాయనకు కబురు పెట్టాడు.

మీసాలాయన గొడుగు కింద వచ్చాడు. “అమ్మా, లేవండి. మర్యాదగా చెబుతున్నాం.”

“మర్యాదగానే కూర్చున్నానండీ. ఇక్కడ కంచె వెయ్యడానికి అనుమతి ఉంటే చూపించండి.”

“వస్తుంది. అడిగాం.”

“వచ్చాక రండి.”

ఆయన మేస్త్రీ వైపు తిరిగాడు. “తవ్వవయ్యా, చూస్తావేం?”

మేస్త్రీ బీడీ పారేశాడు. “గుంట తవ్వమంటే తవ్వుతానండీ. మనిషినెత్తి పక్కన పెట్టే పని నాకు ఒప్పజెప్పలేదు.”

అంతలో గట్టు మీద జారుతూ, యూనిఫాం తడుస్తుండగా మరదలు దిగి వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. చేతిలో ఇంటినుంచి ఎత్తుకొచ్చిన పీట. దాన్ని వదిన పక్కన, రెండో గుంట తవ్వాల్సిన చోట వేసుకుని కూర్చుంది.

మీసాలాయన బిత్తరపోయాడు. “నువ్వు టైర్ల ఆయన భార్యవి కదూ? మీ ఆయన సభ్యత్వం సంగతి ఆలోచించుకున్నావా?”

“ఆయన ఆలోచిస్తున్నారు కదండీ, అందుకే నేను వచ్చి కూర్చున్నా,” అంది మరదలు. తర్వాత వదిన వైపు వంగి, “నాకూ ఒక కర్ర ఇవ్వండి వదినా, ఊరికే కూర్చుంటే నిద్రొస్తోంది,” అంది.

వాన పెరిగింది. కూలీలు వంతెన కిందికి చేరారు. మీసాలాయన కాసేపు అరిచాడు, కాసేపు బతిమాలాడు, బూట్లలోకి నీళ్ళొచ్చాక వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చారు. వీళ్ళూ మళ్ళీ కూర్చున్నారు. ఆసుపత్రి ఆయాలిద్దరు, ఒక బస్సు డ్రైవరు, పనిమానుకుని ఏం జరుగుతుందో చూద్దామని వచ్చిన గ్రంథాలయాధికారి కూడా గట్టు మీద చేరారు. ఆ వారంలోనే, వంతెన స్తంభాలను ఎప్పుడూ తనిఖీ చెయ్యాల్సి ఉంటుంది కాబట్టి అక్కడ కంచె కుదరదని పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఇనుప స్తంభాలు గట్టు మీదే పడి తుప్పు పట్టాయి.

గెలిచినందుకు ఇంట్లో పండగేమీ జరగలేదు. తమ్ముడి పేరు క్లబ్బువాళ్ళు కొట్టేశారు. వాడు భార్యతో ముక్తసరిగా మాట్లాడాడు, అక్కతో అసలే మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. బైండరమ్మ దాన్ని భరించింది. వాడి దగ్గరికి పోయి, తప్పయిందని మాత్రం అనలేదు. తప్పని అనుకోలేదు కాబట్టి.

గ్రంథాలయంలో ఆ పుస్తకాలకు గిరాకీ పెరిగింది. పేజీల మధ్య పొలుసులు, బురద వేలిముద్రలతో మళ్ళీ ఆవిడ బల్ల మీదికే మరమ్మతుకు వచ్చేవి. ఆడవాళ్ళు కూడా అడిగి తీసుకెళ్తున్నారని చూసి అధికారి కొట్లాటాయన పుస్తకం పట్టుకొచ్చాడు. “ఆ పేజీ ఒక్కటీ అంటించేద్దామా అండీ? చదివితే బాధపడతారేమో.”

“ఉండనివ్వండి. వాళ్ళకూ ఒళ్ళు మండాలిగా,” అంది.

తర్వాతి ఏడు ఒక సాయంత్రం అదే గట్టున కాస్త దూరంలో ఎవరో కొత్త మనిషి కనిపించాడు. ఇటు వీపు పెట్టి, చవకరకం కర్రతో కుస్తీ పడుతున్నాడు. వీపు చూసే ఆవిడ పోల్చుకుంది. తమ్ముడు. దారం చెట్టుకొమ్మకు చుట్టుకుంది, తెంపాడు, మళ్ళీ కట్టాడు. అట్లా చాలా సాయంత్రాలు గడిచాయి. చివరికి ఒకరోజు ఇటు తిరక్కుండానే, ఏటికి చెబుతున్నట్టు అరిచాడు:

“ఏం ఎర అది?”

“మైదా జిగురు!” అంది ఆవిడ.

“అందులో ఏం కలుపుతావ్?”

“పంచదార. ఇంటికి రా, కాచి చూపిస్తా!”

“నేనుండేది కూడా అక్కడేగా!” అన్నాడు వాడు చిరాగ్గా. పక్కనే పీట వేసుకుని కూర్చున్న మరదలు పడీ పడీ నవ్వింది.

ఆ ఏడే వరదొచ్చింది. నీళ్ళు తగ్గాక వెళ్ళి చూస్తే మధ్య స్తంభం దగ్గర మడుగు పూడిపోయింది. అడుగంతా ఇసుక మేట. నీళ్ళు ఎక్కడా ఆగకుండా సూటిగా పారుతున్నాయి. క్లబ్బు మెట్లు కూడా సగం కొట్టుకుపోయాయి. మీసాలాయన పాంటు పైకి మడిచి, మిగిలిన మెట్టు మీద దిగులుగా నిలబడి ఉన్నాడు.

“అయిపోయింది బైండరమ్మా,” అన్నాడు. “ఇక ఇక్కడ ఎవరికీ చేపలు లేవు.”

“ఏటికి ఒక్క చోటేనా ఏంటండీ,” అంది ఆవిడ. స్టూలు మడిచి చంకన పెట్టుకుని, కర్ర భుజాన వేసుకుని, వరద కోసేసిన గట్టు వెంట, ఇంతవరకు ఎవరూ కూర్చోని వంపు వైపు, బురదలో దిగబడే కాళ్ళను పీక్కుంటూ కిందికి నడిచింది.